నేనొక్కణ్ణే చెత్త వేరు చేస్తే ఏం ఒరుగుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. రెండేళ్ళుగా మీ ఇంట్లో తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తున్నారు, గుడ్డ సంచి లేకుండా బజారుకు వెళ్ళరు, ఎండాకాలం ఏసీ లేకుండానే నెట్టుకొస్తున్నారు. పక్కింటివాళ్ళు "భూగోళం మొత్తం మీ నెత్తి మీదే ఉందా సార్" అని నవ్వుతారు. దానికి తోడు మొన్న కిందికి దిగి చూస్తే, మీరు శ్రద్ధగా వేరు చేసి ఇచ్చిన రెండు సంచుల్నీ ఆటోవాళ్ళు ఒకే గుట్టలో పడేశారు. ఇక ఎందుకండీ ఈ చాదస్తం, అని అడిగారు.

సూటిగా చెప్తున్నా: మీ ఒక్క ఇంటి వల్ల పెద్దగా ఏమీ ఒరగదు. అయినా మానొద్దు. రెండేళ్ళు ఇంట్లో చేసి చూశారు కాబట్టి ఇబ్బంది ఎక్కడుందో మీకు తెలుసు, అది మీ చేతిలో ఉన్న పెట్టుబడి. దాన్ని ఇప్పుడు గుమ్మం దాటించి, అందరికీ ఉమ్మడిగా ఉన్న ఏదో ఒక్కదాని మీద పెట్టండి. సంపు కావచ్చు, చెత్త డబ్బాలు కావచ్చు, టెర్రస్ కావచ్చు, మెట్ల మీద లైట్లు కావచ్చు. ఇంట్లో ఎంత కష్టపడినా ఒక్క ఇంటి ఫలితమే. అక్కడ అదే కష్టానికి అరవై ఇళ్ళ ఫలితం.

నా సంగతి కొంచెం చెప్తే గానీ ఈ మాట ఎందుకంటున్నానో అర్థం కాదు. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో లెడ్జర్లు చూసి 2015లో రిటైరయ్యాను. హైదరాబాద్‌లో బాచుపల్లి దగ్గర 72 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. 2016లో ఈ చెత్త పని నెత్తికెత్తుకున్నా, మధ్యలో నాలుగేళ్ళు అసోసియేషన్ సెక్రటరీగా కూడా చేశా, ఆ పదవి వదిలేశా గానీ పని మాత్రం వదల్లేదు. పిల్లలు నన్ను "చెత్త ఆంటీ" అంటారు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు కొరియర్ అబ్బాయి గేటు దగ్గర "చెత్త ఆంటీ ఫ్లాట్ ఎక్కడ" అని అడిగితే నేనే బాల్కనీలోంచి చెయ్యి ఊపుతా.

ముందు ఆ ఆటో సంగతి. మీకొచ్చిన అనుమానమే నాకూ వచ్చింది. ఒక రోజు ఉండబట్టలేక స్కూటీ మీద ఆ ఆటో వెనకే వెళ్ళా. మా వీధికి వచ్చేది మొగుడూ పెళ్ళాలు. మా గేటు దగ్గర మాత్రం అన్నీ కలిపి వేసుకున్న మాట నిజమే, ఎందుకంటే గేటు దగ్గర ఆగడానికి వాళ్ళకి రెండు నిమిషాలే టైమ్, వెనక కార్లు హారన్ కొడుతుంటాయి. ఆటోల చెత్తని లారీల్లోకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కి కొంచెం ఇవతల చెట్టు కింద ఆపి, ఆవిడ ఆటోలోకి ఎక్కి, సీసాలు ఒక గోతాంలోకి, అట్టలు ఒక గోతాంలోకి, పాల కవర్లు ఇంకోదాంట్లోకి ఏరడం మొదలుపెట్టింది. గంటసేపు. చేతికి గ్లవ్స్ లేవు. ఇళ్ళవాళ్ళు నెలనెలా ఇచ్చే డబ్బుకి తోడు ఆ గోతాలు అమ్మితే వచ్చేదే వాళ్ళ రాబడి. మీరు చూసింది వాళ్ళు కలపడం, ఆ తర్వాత ఏరడం మీరు చూడలేదు.

మీరు విడిగా కట్టిచ్చిన పొడి సంచి ఆ గుట్టలో పడినా సంచిగానే ఉంటుంది, ఆవిడ దాన్ని అలాగే ఎత్తి పక్కన పెట్టుకుంటుంది. సాంబారు కారిన అట్టపెట్టెకి పైసా రాదు. ఈ ఒక్క కారణం చాలు, మీ రెండేళ్ళ పని వృథా పోలేదని చెప్పడానికి. ఒకసారి పొద్దున్నే కిందికి దిగి, "అక్కా, నా పొడి సంచి ఇదీ, మూతి కట్టి ఇస్తున్నా" అని ఆమె చేతికి ఇవ్వండి. మర్నాటి నుంచి ఆమే అడిగి తీసుకుంటుంది.

అలాగని అంతా బాగుందని చెప్పను. ఏరగా మిగిలిన తడి చెత్త పోయేది జవహర్‌నగర్ డంపింగ్ యార్డ్‌కే. గుట్టల కింద గాలాడక కుళ్ళితే మీథేన్ వస్తుంది, అది వందేళ్ళ లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. అక్కడ చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు పెట్టారు గానీ, అన్నం, తొక్కలు, నీళ్ళు కలిసిన చెత్త సరిగా మండదు, ఎవరింట్లోనైనా తడి కట్టెలు పొయ్యిలో పెట్టినవాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. మన ఊళ్ళ చెత్తలో బరువు ప్రకారం సగం దాకా తడిదే. అందుకే నా లెక్కలో అసలు పరిష్కారం ఒక్కటే, తడి చెత్త గేటు దాటకూడదు. అది లోపలే ఎరువైపోతే ఆటోలో కలిపారా లేదా అన్న గొడవే ఉండదు.

ఇది కొత్త సంగతేం కాదు. ఈ యాప్‌లూ స్టార్ రేటింగ్‌లూ ఏవీ లేని రోజుల్లో, 2003 ప్రాంతంలోనే, సూర్యాపేట మున్సిపాలిటీ వీధుల్లో చెత్తకుండీలు ఎత్తేసి, ఇంటింటికీ తిరిగి తడి పొడి వేరుగా తీసుకుని వర్మీ కంపోస్ట్ చేసి చూపించింది. మిగతా ఊళ్ళ నుంచి బస్సులేసుకుని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు. అంత చిన్న ఊళ్ళో అయినప్పుడు ఒక గేటు లోపల అవదా అన్నది నా మొండి వాదన.

ఇప్పుడు నేను చేసిన తప్పులు చెప్తా, ఎందుకంటే మీరూ ఇవే చేయబోతున్నారని నాకు గట్టి అనుమానం.

మొదటి తప్పు, వాట్సాప్ గ్రూపులో ఉపన్యాసం. పర్యావరణం గురించి ఇంత పొడుగు మెసేజ్ పెట్టా, కింద తొమ్మిది దండాలు, నాలుగు పువ్వులు వచ్చాయి. మర్నాడు డబ్బాలో అదే చెత్త. రెండోది ఇంకా ఘోరం. వేరు చేయని ఫ్లాట్ల నంబర్లు లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డులో పెట్టా. సిగ్గుపడి మారతారనుకున్నా. సిగ్గుపడ్డారు, మారలేదు. ఒక ఫ్లాట్ ఆవిడ ఆరు నెలలు నాతో మాట్లాడలేదు, వరలక్ష్మీ వ్రతం పేరంటానికి కూడా పిలవలేదు. తర్వాత తెలిసింది, ఆ ఇంట్లో మామగారికి పక్షవాతం, డైపర్లు ఏ డబ్బాలో వేయాలో ఎవరూ చెప్పలేదు, అందుకని అన్నీ కలిపి వేస్తోంది. తప్పు నాది. చెప్పాల్సింది చెప్పకుండా పేరు మాత్రం బోర్డెక్కించా. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు పేపర్లో చుట్టి, బయటికి తెలిసేలా ఎర్ర గుర్తు పెట్టి వేరుగా ఇవ్వాలి, దానికో మూడో డబ్బా ఉండాలి. దాన్ని పెట్టాక సగం గొడవ దానంతటదే పోయింది.

మూడోది కంపోస్ట్. జులైలో మొదలుపెట్టా, ఎవరైనా జులైలో మొదలుపెడతారా. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు తెచ్చి, వచ్చిన అన్నం, పప్పు, సాంబారు, తొక్కలు అన్నీ పోసేశాం. పది రోజులకి పురుగులు డ్రమ్ము ఎక్కి గోడ మీదికి వచ్చాయి. వాసన మూడో అంతస్తు దాకా. కమిటీ అత్యవసర మీటింగ్ పెట్టి డ్రమ్ముల్ని బయట పారేయించింది, అప్పటి ప్రెసిడెంట్ గారు "మేడం, మీ ఆశయం మంచిదే గానీ" అని మొదలుపెట్టి, ఆ "గానీ" తర్వాత పావుగంట మాట్లాడారు.

కారణం చిన్నదే. తడి ఎక్కువైంది, ఎండు తక్కువైంది. ఒక బకెట్ వంటింటి చెత్తకి ఒకటి, వానాకాలమైతే రెండు బకెట్ల ఎండుటాకులో కోకోపీటో (కొబ్బరి పీచు పొడి) పడాలి. గుప్పిట్లోకి తీసుకుని పిండితే వేళ్ళ మధ్య చెమ్మ కనబడాలి, మహా అయితే ఒక చుక్క. ధారగా కారిందంటే ఆకులు చాలవు. గాలి ఆడాలి, అందుకే మూతపెట్టిన డ్రమ్ముల కంటే రంధ్రాలున్న ఇటుక తొట్లు నయం. పుల్లటి మజ్జిగో, పేడనీళ్ళో కొంచెం చల్లితే తొందరగా మొదలవుతుంది. వారానికోసారి తిరగేయాలి. తొట్టి మధ్యలో చెయ్యి పెడితే వేడిగా ఉండాలి, వేడి ఉందంటే పని నడుస్తోందని. యాభై అరవై రోజుల్లో అడవి మట్టి వాసన వస్తుంది. పురుగులు కనబడితే భయపడక్కర్లేదు, అవీ తినేవే, కాకపోతే ఆకులు ఇంకాస్త కప్పాలి. మాకు ఇప్పుడు రోజుకు ముప్ఫై, ముప్ఫై అయిదు కిలోల తడి చెత్త తొట్లలోకే పోతోంది. ఎండుటాకుల కోసం చలికాలం చివర్లో, చెట్లు రాల్చేటప్పుడే, గోతాలు నింపి దాచుకుంటాం. పక్క కాలనీవాళ్ళు తగలబెట్టబోతుంటే మా వాచ్‌మన్ వెళ్ళి అడుక్కొస్తాడు.

అసలు పని చేసింది బోర్డు మీద అంకె. ఇది నేను బ్యాంకు బుర్రతో కనిపెట్టింది. 2019 ఎండాకాలం, చెన్నైలో చెరువులు ఎండిపోయి రైళ్ళలో నీళ్ళు తెచ్చిన ఏడాది, మా దగ్గరా బోర్లు ఫిబ్రవరికే చేతులెత్తేశాయి. రోజుకు నాలుగైదు ట్యాంకర్లు. అప్పుడు లిఫ్ట్ పక్కన ఒక తెల్లబోర్డు పెట్టి రోజూ రెండే రెండు అంకెలు రాసేదాన్ని: నిన్న వచ్చిన ట్యాంకర్లు, ఒక్కో ఫ్లాట్‌కి పడిన ఖర్చు. ఒక్క సలహా రాయలేదు. నీళ్ళు పొదుపు చేయండి అన్న ముక్క కూడా లేదు. వారం తిరిగేసరికి జనమే వచ్చి అడగడం మొదలుపెట్టారు, ఎందుకింత అవుతోంది, కారు కడగడానికి పైపు ఎవరు పెడుతున్నారు, టెర్రస్ మీద ట్యాంకు పొంగుతుంటే ఎవరూ చూడరా అని. మర్యాదగా చెప్తే వినని మనిషి, తన జేబులోంచి పోయేది రోజూ లిఫ్ట్ దగ్గర కనబడితే వింటాడు. నేనూ అంతే లెండి.

ఆ వేడిలోనే ఇంకుడు గుంతల మాట ఎత్తా. లెక్క చాలా తేలిక, చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా టెర్రస్ 1,800 చదరపు మీటర్లు, హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. ఆవిరైపోయేవీ పొంగిపోయేవీ తీసేసినా పదకొండు లక్షల లీటర్ల పైమాటే. పది వేల లీటర్ల ట్యాంకర్లు వందకు పైగా మన నెత్తి మీదే పడి డ్రైనేజీలోకి పోతున్నాయి. ఈ మాట మీటింగ్‌లో చెప్పాక నిశ్శబ్దం. ఎండిపోయిన ఒక పాత బోరు చుట్టూ గుంత తవ్వించి, పెద్ద కంకర, చిన్న కంకర, ఇసుక పొరలు వేసి, టెర్రస్ పైపులు దాంట్లోకి మళ్ళించాం. తొలకరి మొదటి వాన నీళ్ళు మాత్రం బయటికి వదిలేయాలి, టెర్రస్ దుమ్మంతా దాంట్లోనే ఉంటుంది. ఏడాదికోసారి పైపొర ఇసుక తీసి కడగాలి, ఇది ఎవరూ చేయరు, అందుకే ఊళ్ళో సగం ఇంకుడు గుంతలు పేరుకే ఉంటాయి.

ఫలితం? ఫిబ్రవరిలో ఆగిపోయే బోరు మామూలు ఏడాదైతే ఏప్రిల్ దాకా లాగుతోంది. వానలు సరిగా పడని ఒక ఏడాది మళ్ళీ మొదటికొచ్చాం. ఇంకించిన నీళ్ళు మా గేటు లోపలే ఉండవు, పక్క అపార్ట్‌మెంట్ బోరు కూడా తాగుతుంది. వాళ్ళు పైసా పెట్టలేదు. దీని మీద మా కమిటీలో ఇప్పటికీ అలక ఉంది. నాకు లేదు.

కుళాయి నీళ్ళైనా ఊరికే రావు. హైదరాబాద్‌కి కృష్ణా నీళ్ళు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా, గోదావరి నీళ్ళు ఎల్లంపల్లి నుంచి నూట ఎనభై కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, మూడు వందల మీటర్లకు మించిన ఎత్తు ఎక్కించి తెస్తున్నారు. అంటే కుళాయిలోంచి కారే ప్రతి బకెట్ వెనక కరెంటు కూడా కారుతోంది.

ఇప్పుడు మీ ఇంటి లోపలికి వద్దాం. మీరు గుడ్డ సంచి గురించి రెండు పేరాలు రాశారు, పెట్రోలు గురించి ఒక్క ముక్క లేదు. మీ మూడు బిల్లులు ముందేసుకుని కూర్చోండి. కరెంటు ఒక యూనిట్‌కి మన దేశంలో సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. పెట్రోలు లీటరుకి 2.3 కిలోలు. ఇంటి గ్యాస్ సిలిండర్ 14.2 కిలోలది మొత్తం కాలితే 42 కిలోల దాకా. నెలకు 300 యూనిట్లు, 30 లీటర్ల పెట్రోలు, ఒక సిలిండర్ వాడే ఇంటికి 210, 69, 42, కలిపితే 321 కిలోలు. ఈ లెక్క వేసుకున్నాక దేని వెంట పడాలో మీకే తెలుస్తుంది. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30. రోజుకు పన్నెండు గంటలు తిరిగే ఒక్క ఫ్యాన్ మారిస్తే నెలకు పదహారు యూనిట్లు మిగులుతాయి. నాలుగు ఫ్యాన్లున్న ఇంట్లో అది చిన్న విషయం కాదు. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే నీళ్ళని ఇల్లు తుడవడానికి వాడండి. అసలు మీ నీళ్ళలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాలు, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపే ఉంటే ఆర్‌ఓ అవసరమే లేదు, 2019లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ పరిధి లోపల ఆర్‌ఓలు నిషేధించమని చెప్పింది కూడా.

గుడ్డ సంచి మంచిదే, వద్దనను. మా ఇంట్లో ప్రస్తుతం పందొమ్మిది గుడ్డ సంచులున్నాయి, ఎవరి పెళ్ళికి వెళ్ళినా ఒకటి ఇచ్చి పంపుతున్నారు. పత్తి పండించి, నీళ్ళు పోసి, మందు కొట్టి, నేసి, రంగేసి, పెళ్ళికూతురి పేరు అచ్చేయించిన సంచిని ఒకసారి వాడి అటక మీద పడేస్తే ఎవరికి లాభం. ఉన్న రెండు సంచులు చిరిగేదాకా వాడండి చాలు.

ఏసీ గురించి నా మాట మీకు నచ్చకపోవచ్చు. ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవాళ్ళో, పసిపిల్లలో ఉంటే మే నెలలో ఏసీ లేకుండా నెట్టుకురావడం గొప్ప కాదు, ప్రమాదం. మాది ఖమ్మం, ఆ ఎండలు నాకు తెలుసు. ఎక్కువ స్టార్లున్నది కొనండి, 26 దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకోండి. ఒక్క డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు ఆదా అని స్టార్ రేటింగ్ ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ చెప్పే లెక్క. 18లో పెట్టి దుప్పటి కప్పుకునే వాళ్ళ సంగతి వేరే.

ఇంకో మాట, ఇది కొంచెం గుచ్చుకుంటుంది. "నేను వేరు చేస్తున్నా" అని రాశారు కదా. నిజంగా చెయ్యి పెట్టేది ఎవరు? మీరా, మీ ఆవిడా, పనమ్మాయా? మా అపార్ట్‌మెంట్‌లో పర్యావరణం గురించి అందరికంటే బాగా మాట్లాడే మగాయన ఇంట్లో మూడు డబ్బాలూ కడిగేది ఆయన భార్య. వ్యక్తిగత బాధ్యత అన్నది మన ఇళ్ళలో చాలాసార్లు ఇలా ఇంట్లో ఆడవాళ్ళ మీదికో, పనమ్మాయి మీదికో జారిపోతుంది, పేరు మాత్రం పైవాళ్ళకి. మా పనమ్మాయికి మొదట్లో "ఇది ఇందులో, అది అందులో" అని చెప్పి ఊరుకున్నా, నెలలోపే పని మానేస్తానంది. నిజమే కదా, పని పెరిగింది, జీతం పెరగలేదు. రెండు వందలు పెంచా, డబ్బా కడగడం నేనే తీసుకున్నా. అపార్ట్‌మెంట్ మొత్తానికీ అదే సూత్రం పెట్టాం, పొడి చెత్త అమ్మగా వచ్చే డబ్బు తొట్లు చూసుకునే వాచ్‌మన్ భార్యకే. ఆమె మీద ఆ పని రుద్దినప్పుడు నడవలేదు. డబ్బూ గ్లవ్సూ ఇచ్చి, "ఏది తీసుకోవాలో ఏది వెనక్కి పంపాలో నీ ఇష్టం" అన్నాక ఎవరు కలిపిచ్చినా వాళ్ళ మొహం మీదే చెప్పి తిప్పి పంపుతోంది. నేను చెప్తే గొడవ, ఆమె చెప్తే అందరూ నవ్వి వేరు చేసిస్తారు.

ఇదంతా చూసి కొందరు అడుగుతారు, పెద్ద కంపెనీలు, ప్రభుత్వాలు చేయాల్సింది మన నెత్తిన రుద్దడమే కదా ఇది అని. ఆ మాటలో నిజం ఉంది. కార్బన్ ఫుట్‌ప్రింట్ (మన వాడకం వల్ల గాల్లోకి పోయే కార్బన్ లెక్క) అనే మాటని జనం నోళ్ళలో నానేలా చేసిన వాటిలో 2004-05 ప్రాంతంలో బ్రిటిష్ చమురు కంపెనీ బీపీ ఇచ్చిన ప్రకటనలు ముఖ్యమైనవి, మీ ఫుట్‌ప్రింట్ ఎంతో లెక్కేసుకోండి అంటూ. చమురు తీసి అమ్మేవాళ్ళు మనల్ని లెక్కలేసుకోమనడం తమాషాగానే ఉంటుంది. బస్సులు సరిగా లేని కాలనీలో ఉండి నువ్వెందుకు బండి మీద పోతున్నావని మనిషిని నిలదీస్తే ఏం లాభం. అందుకే నేను ఇంటి లెక్కతో ఆగమని చెప్పను. కాలనీలోకి బస్సు వేయమని పదిమందితో సంతకాలు పెట్టించి డిపోలో ఇవ్వడం కూడా ఈ బాధ్యతలోదే, నా దృష్టిలో గుడ్డ సంచి కంటే పెద్దది.

చట్టం కూడా వాడుకోవాలి. మేం మొదలుపెట్టిన ఏడాదే, 2016లో, ఘన వ్యర్థాల నిబంధనలు కొత్తగా వచ్చాయి. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తని వీలైనంతవరకు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలని అందులో ఉండేది. 2026లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి, మీరు ఇప్పటివి చూసుకోండి. మాది ఎకరంన్నర, అంటే ఆరు వేల పైచిలుకు. డ్రమ్ముల అవమానం తర్వాత రెండోసారి మీటింగ్‌కి వెళ్ళినప్పుడు నేను ఆశయాలేమీ మాట్లాడలేదు, ఆ పేజీ ప్రింట్ తీసి, పక్కన ఖర్చు, పక్కన ఎవరు చేస్తారో రాసి టేబుల్ మీద పెట్టా. ప్రెసిడెంట్ గారు ఈసారి "గానీ" అనలేదు.

అన్నీ గెలిచానని అనుకోకండి. మా అబ్బాయి పెళ్ళిలో ఘోరంగా ఓడిపోయా. విస్తరాకులు, అద్దెకి స్టీల్ గ్లాసులు, కుండల్లో నీళ్ళు అని మూడు నెలల ముందే అన్నీ మాట్లాడి పెట్టుకున్నా. సిద్దిపేటలో వార్డుల్లో ఫంక్షన్లకి స్టీల్ సామాన్లు ఇచ్చే స్టీల్ బ్యాంకులు పెట్టారని విని ఆ ఉదాహరణ కూడా చెప్పా. విస్తరాకులు నెగ్గాయి. నీళ్ళ దగ్గర వియ్యపురాలు "పెళ్ళివారికి బాటిల్ కూడా ఇవ్వలేదంటారు వదినగారూ" అంది, అంతే, పెళ్ళిరోజు ఏడు వందల అరలీటరు సీసాలు దిగాయి, సగం సగం తాగి కుర్చీల కింద పడేశారు. ఆ రాత్రి నేనూ మా తమ్ముడూ గోతాలు పట్టుకుని ఏరుతుంటే ఫొటోగ్రాఫర్ ఫొటో తీశాడు, ఆల్బమ్‌లో ఉంది. అలాంటి చోట పంతానికి పోతే సంబంధాలు చెడతాయి, పని కాదు.

టెర్రస్ మీద సోలార్‌కి రెండేళ్ళు పట్టింది, అభ్యంతరం డబ్బు గురించి కాదు, వడియాలు ఎక్కడ ఎండబెట్టుకోవాలి అని. నిజంగా. చివరికి దక్షిణం వైపు ఒక మూల వడియాలకి, బట్టలకి వదిలేసి, మిగతా చోట ఎత్తుగా స్టాండ్లు కట్టించి 15 కిలోవాట్లు పెట్టాం. కిలోవాట్‌కి రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున అరవై యూనిట్లు, లిఫ్టు, మోటార్లు, మెట్ల లైట్లకి చాలావరకు సరిపోతోంది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో అపార్ట్‌మెంట్ ఉమ్మడి అవసరాలకి కిలోవాట్‌కి 18,000 రూపాయల సబ్సిడీ ఉంది, మీ కమిటీ చెవిన వేయండి.

మా జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్య గారి పేరు ఇలాంటి చోట్ల ఎవరో ఒకరు తెస్తారు, ఆయనలా ఒక్క మనిషి కోటి మొక్కలు నాటలేదా అని. నాటారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2025 ఏప్రిల్‌లో పోయారు. మెడలో బోర్డు, సైకిల్, జేబు నిండా విత్తనాలు, పక్కనే భార్య జానమ్మ గారు. ఆయన్ని తలుచుకుంటే నాకు ధైర్యం వస్తుంది గానీ, మీకు కొలబద్దగా ఆయన్ని పెట్టుకోవద్దు. ఉద్యోగం, ఈఎంఐ, పిల్లల పరీక్షలు ఉన్న మనిషి అలా ఉండలేడు, ఉండలేక మొత్తం మానేస్తాడు.

మీరు చేయాల్సింది చిన్నది. ముప్ఫై రోజులు ఒక నోట్‌బుక్‌లో ఉమ్మడి మీటర్ రీడింగ్, ట్యాంకర్ల సంఖ్య, రోజూ వెళ్ళే చెత్త బరువు రాయండి, బరువు చూడటానికి పాత పేపర్లవాడి వేలాడే త్రాసు చాలు. ఎవరికీ చెప్పకండి. వాచ్‌మన్ కుటుంబంతో స్నేహం చేయండి. లెక్కలు రాసే ఓపికున్న ఒకర్ని, పైపులూ మోటార్లూ తెలిసిన ఒకర్ని పట్టుకోండి, ముగ్గురు చాలు. తర్వాత మీ అంతస్తు వరకే మొదలుపెట్టండి, మిగతా అంతస్తుల జోలికి మూడు నెలలు వెళ్ళకండి. అందరూ మారరు. మా 72లో యాభై ఫ్లాట్లు సరిగ్గా ఇస్తాయి, ఇరవై రెండు ఇవ్వవు, ఇన్నేళ్ళ తర్వాత కూడా. అద్దెకుండేవాళ్ళు మారినప్పుడల్లా మళ్ళీ అ ఆ ల నుంచి చెప్పాలి. ఆ ఇరవై రెండింటి మీద కోపం పెట్టుకుంటే యాభై ఇళ్ళ పని కూడా చేయలేను, అందుకే పెట్టుకోను, వరలక్ష్మీ వ్రతానికి అందరినీ పిలుస్తా.

మీ స్థలం మొత్తం ఎన్ని చదరపు మీటర్లో, కమిటీ మీటింగ్ ఎప్పుడో రాయండి. మేం పాస్ చేసిన తీర్మానం, తొట్ల కొలతలు ఇక్కడే పెడతా. ఒకవేళ వానాకాలంలో మీటింగ్ అయితే కంపోస్ట్ మాట మాత్రం అప్పుడు ఎత్తకండి, దసరా అయ్యాక చూద్దాం. ఈలోపు ఎండుటాకులు ఎక్కడ దొరుకుతాయో చూసి పెట్టుకోండి.